విజిట్ యూరియా

ఆ పరిశోధనా క్షేత్రంలో గోధుమకు యూరియా మూడు దఫాలుగా వేస్తారని పుస్తకాల్లో ఉంటుంది. నిజానికి నాలుగు దఫాలు వేసేవారు. ఆ నాలుగో దఫా సంగతి పూత మేడమ్‌కు తెలిసేసరికి ఆమె ఉద్యోగంలో చేరి మూడో ఏడు నడుస్తోంది. తెలియడం కూడా ఎక్కడో కాదు, కమిటీ ముందు, గట్టు మీద నిలబడి ఉండగా తెలిసింది.

పూత మేడమ్ అన్నది కూలీలు పెట్టిన పేరు. యూరియా గింజలకు ఆముదం, తేనెమైనం, గుగ్గిలం కలిపి పూత వేయడం ఆమె పని. అందుకు ఒక మిషను కావాలని అడిగితే ఆఫీసు వాళ్ళు ఏడు నెలలు ఆలోచించి, ప్రహరీ గోడ కట్టినప్పుడు మిగిలిపోయిన సిమెంటు కలిపే డ్రమ్ము ఇచ్చారు. దానికి పట్టిన సిమెంటు పెచ్చులు ఉలితో గీకడానికే ఆమెకు వారం పట్టింది. అందులో తెల్లటి యూరియా పోసి, వెచ్చబెట్టిన మిశ్రమం సన్నటి ధారగా పోస్తూ తిప్పితే గింజలు తేనె రంగుకు తిరిగేవి. షెడ్డంతా కొత్తగా పాలిష్ పెట్టిన తలుపుల వాసన వేసేది.

మామూలు యూరియాకు తొందరెక్కువ. తడి తగలగానే కరిగిపోతుంది. పైరు తిన్నంత తింటుంది, మిగిలింది కొంత గాలిలో కలుస్తుంది, కొంత నేలలోకి దిగి బావి నీళ్ళలో తేలుతుంది. పూత వేసిన గింజ నెమ్మదిగా, పైరుకు ఆకలి పెరిగే కొద్దీ కరుగుతుంది. కాబట్టి విత్తేటప్పుడు ఒక్కసారి వేస్తే చాలు, అదీ ముప్పావు మోతాదు చాలు. ఇదీ ఆమె నమ్మకం. నమ్మకాన్ని రుజువు చేయడానికి ఆమెకిచ్చిన గడువు మూడేళ్ళు. మూడో ఏడు కమిటీ వచ్చి చూసి, నచ్చితే పని పొడిగిస్తుంది. నచ్చకపోతే డ్రమ్ము మళ్ళీ సిమెంటుకు పోతుంది, మేడమ్ ఇంటికి పోతుంది.

ఇంకో సంగతి చెప్పాలి. మడుల పని చూసే పెద్ద మేస్త్రి ఆమె కన్నతండ్రి. ఇరవై ఏడేళ్ళుగా అక్కడే పని. ఆ వంశంలో కాలేజీ గడప తొక్కింది ఈ పిల్ల ఒక్కతే. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గేటు లోపల "మేడమ్". గేటు బయట "అమ్మాయ్". ఆమె కూడా లోపల "మేస్త్రి గారూ" అనేది. ఒకసారి ఇద్దరూ ఎక్కిన సైకిలు చైను ఊడి సరిగ్గా గేటు మధ్యలో ఆగిపోయింది. ఏమని పిలవాలో తేలక ఆయన గొంతు సవరించుకుని ఊరుకున్నాడు.

"ఒకే కంచంలో తిని ఒకే సైకిలెక్కి పోతారు, అక్కడికెళ్ళి ఎవరో పరాయివాళ్ళలా మాట్లాడుకుంటారు. మీకు జీతమిచ్చేది పరిశోధనకా, నాటకానికా?" అనేది వాళ్ళమ్మ.

ఆ ఏడు మడులు నాలుగు వరుసల్లో వేశారు. వరుసకు నాలుగేసి. ఒకదానికి ఎరువే లేదు. ఒకదానికి మామూలు యూరియా, పూర్తి మోతాదు. ఒకదానికి పూత యూరియా, పూర్తి మోతాదు. ఇంకోదానికి పూత యూరియా, ముప్పావు. ఏది ఎక్కడ రావాలన్నది చీటీలు తీసి నిర్ణయించింది మేడమ్. మేస్త్రికి ఆ చీటీల వ్యవహారం ఎప్పుడూ రుచించలేదు. బాగా చదువుకున్నవాళ్ళు కూడా మడుల్ని ఇలా కలగాపులగం చేస్తారేమిటని ఆయన బాధ. మొదటి రెండు వరుసలు రోడ్డు పక్కన ఉన్నాయి, తర్వాతి రెండు కాలవకు అవతల, పంపు షెడ్డు వెనక.

విత్తిన ఇరవై ఎనిమిదో రోజున మేస్త్రి గట్టు మీద ఆగాడు.

"మేడమ్, మన మడులు పాలిపోయాయండీ."

"మన మడులేంటి మేస్త్రి గారూ? పదహారూ మనవే."

"అదేలెండి. పూతవి. పక్కదేమో నలుపు తిరిగిన పచ్చగా ఉంది. మనది చూడండి, జ్వరమొచ్చి లేచినట్టుంది."

ఆమె జేబులోంచి ఆకు రంగుల పట్టీ తీసింది. లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా ఐదు గళ్ళున్న ప్లాస్టిక్ ముక్క అది. ఆకును దాని పక్కన పెట్టి చూపించింది. "మూడో గడి. ఈ వయసుకు ఇంతే ఉండాలి. పక్కది ఐదులో ఉందంటే ఇప్పుడే కడుపు పగిలేలా తిన్నదన్నమాట. గింజ పట్టే వేళకు దానికేం మిగలదు. మనది అప్పటికీ తింటూనే ఉంటుంది."

"అప్పటిదాకా కమిటీ వాళ్ళు ఇక్కడే కూర్చుంటారా అండీ?"

కమిటీ నలభయ్యో రోజున వస్తోంది. పూత పైరు చూడ్డానికి అంతకంటే చెడ్డ ముహూర్తం లేదు. తేదీ మార్చమని రాస్తే, కమిటీ పెద్దాయనకు ఆ తర్వాత కుదరదని జవాబొచ్చింది.

"ఉన్నదున్నట్టు చెబుతాను. చదువుకున్నవాళ్ళు, అర్థం చేసుకుంటారు" అంది.

మేస్త్రి గట్టు దిగి పనిలో పడ్డాడు. చదువుకున్నవాళ్ళని ఆయన ఇరవై ఏడేళ్ళుగా చూస్తున్నాడు.

కమిటీకి ముందు మట్టి నమూనాలు పట్టుకుని ఆమె పట్నంలో పరీక్షల గదికి వెళ్ళాల్సి వచ్చింది. ఒక్క రోజు పని అనుకుంటే, అక్కడి తూనిక యంత్రం మొరాయించి వారం పట్టింది. కమిటీ రోజు పొద్దున బస్సు దిగి, మొహం కడుక్కునే తీరిక కూడా లేక నేరుగా క్షేత్రానికి వచ్చింది. అప్పటికే కార్లు ఆగి ఉన్నాయి. డైరెక్టరు గారు తెల్ల చొక్కాలో గొడుగు పట్టించుకుని నిలబడి ఉన్నారు. కమిటీ పెద్దాయన బూట్లకు మట్టి అంటకుండా గట్టు మీద ఒద్దికగా అడుగులేస్తున్నాడు.

"అద్భుతమమ్మా! పూత యూరియా అంటే ఏమో అనుకున్నాం. ఇదేం పచ్చదనం! మామూలు మడి దీని ముందు వెలవెలబోతోంది" అన్నాడాయన.

ఆమె మడి వంక చూసింది. నిజమే. పూత మడులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమెకు ఒళ్ళు పులకరించింది. పూత తాను అనుకున్నదానికంటే గొప్పగా పనిచేసిందా? మరుక్షణమే చదువు అడ్డం తగిలింది. నెమ్మదిగా కరగాల్సింది నెమ్మదిగా కరిగితే ఈ రంగు రాకూడదు. ఆకు లాగి పట్టీ పక్కన పెట్టింది. ఐదో గడి. పట్టీలో ఆరో గడి లేదు కాబట్టి ఐదు.

వంగినప్పుడే కనబడింది. మడి నంబరు రాసిన చెక్క బోర్డు వెనకాల, తడి చేరని పొడి మట్టిలో నాలుగైదు గింజలు. తేనె రంగువి కావు. తెల్లవి.

ఆమె వాటిని ఏరి గుప్పిట్లో మూసింది.

"ఏం దొరికిందమ్మా?" అన్నాడు పెద్దాయన.

"పురుగేమో అనుకున్నానండీ" అంది. పుట్టి బుద్ధెరిగాక పైవాళ్ళ ముందు ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. చెమట పట్టిన అరచేతిలో యూరియా కరుగుతుంటే చల్లగా ఉంటుంది. కమిటీ అరగంట సేపు మెచ్చుకుంటుంటే ఆ చల్లదనం మణికట్టు దాకా పాకినట్టనిపించింది. ఆ నాలుగు మడుల ముందూ ఫొటోలు తీసుకున్నారు. "పొడిగింపు సంగతి నాకొదిలెయ్" అని పెద్దాయన కారెక్కాడు. కాలవ అవతలికి ఎవరూ వెళ్ళలేదు. అక్కడ పూత మడులు మూడో గడిలో, ఎవరికీ కాకుండా, పాలిపోయి నిలబడి ఉన్నాయి.

సాయంత్రం గేటు దాటగానే సైకిలు మీద వెనక కూర్చున్న ఆమె అడిగింది. "నాన్నా, ఎప్పుడు వేశావు?"

ఆయన సైకిలు తొక్కడం ఆపలేదు. "ఏంటి అమ్మాయ్?"

"యూరియా. పూత మడులకి."

"ఓ, అదా? నువ్వు బస్సెక్కిన రోజే. విజిట్ యూరియా వేసి తడి పెట్టాను. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు."

"విజిట్ యూరియా ఏంటి?"

ఈసారి సైకిలు ఆగింది. ఆయన మొహంలో నిజంగానే ఆశ్చర్యం. "నీకు తెలీదా? పెద్దవాళ్ళు ఎవరొచ్చినా వారం ముందు రోడ్డు వైపు మడులకు తలా రెండు గుప్పిళ్ళు పట్టిస్తాం కదా. మా పాత మేస్త్రి నేర్పాడు. ఆయనకి అంతకుముందాయన నేర్పాడు. ఇదేం కొత్తా? ఈసారైతే పాలిపోయిన మన పూతవాటికే వేశాను."

"ఎవరు వేయమంటారు?"

"ఎవరూ అనరు. ఎవరూ వద్దనరు కూడా. వేయకపోతే మాత్రం ఈ ఏడు పైరేంటి ఇలా ఉందని అడుగుతారు."

ఇంటికొచ్చాక ఆమె అన్నం కలిపి వదిలేసింది. వాళ్ళమ్మ కూతురినీ మొగుడినీ మార్చి మార్చి చూసింది. "ఏం జరిగిందో నాకూ చెబితే నేనూ బాధపడతాను కదా" అంది.

"నా మూడేళ్ళ పని మట్టి చేశాడమ్మా."

"మట్టి చేశానా! ఒసే నువ్వే చెప్పవే, పాలిపోయిన పైరుని పదిమంది ముందు నిలబెడితే ఎవరి పరువు పోతుంది? పిల్ల మొహం మాడిపోయుంటే పెళ్ళిచూపులకు కూర్చోబెడతామా? కాస్త పౌడరైనా రాస్తాం కదా!"

"ఇది పెళ్ళిచూపులు కాదు నాన్నా. ఇది లెక్క. నా పూత పనిచేస్తుందో లేదో నాకే తెలియాలి ముందు. నువ్వు వేసిన గుప్పిళ్ళలో నా సమాధానం కొట్టుకుపోయింది. ఈ మడులు చూసి పదిమంది రైతులు పూత కొనుక్కుని, వాళ్ళ పొలంలో ఈ పచ్చ రాక నన్ను తిట్టుకుంటారు. అదీ పరువే."

ఆయన కంచం ముందు తల వంచుకున్నాడు. చిన్న గొంతుతో అన్నాడు. "కాలవ అవతల వేయలేదు."

"ఏంటి?"

"అటు ఎవరూ రారు కదా. ఎందుకు దండగని వేయలేదు."

ఆమె ఎడమ చేత్తో నుదురు పట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తండ్రి బద్ధకం పుణ్యమా అని రెండు వరుసలు బతికిపోయాయి.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు గది. గోడ మీద చట్రం కట్టిన వ్యాసం ఒకటుంది. డైరెక్టరు గారు కుర్రతనంలో రాసింది. రోడ్డుకు దగ్గరి మడుల్లో గోధుమ ఎప్పుడూ ఎక్కువ పండుతుందనీ, కారణం రోడ్డు మీంచి లేచే దుమ్ములోని పోషకాలనీ పదకొండు పేజీల్లో నిరూపించారు. కాలేజీలో పూత మేడమ్ దాన్ని కింద గీతలు గీసుకుని మరీ చదివింది. పరీక్షలో వస్తే మంచి మార్కులు కూడా వచ్చాయి.

"నాలుగు మడులు తీసేయాలి సార్. వాటిలో లెక్కకు రాని యూరియా పడింది. కమిటీకి కూడా అదే రాస్తాను."

"పిచ్చిదానివా? కమిటీ మెచ్చుకుని వెళ్ళి ఇరవై నాలుగు గంటలు కాలేదు. ఎవరు వేశారు?"

ఆమె నోరు తెరిచేలోగా గుమ్మం బయట దగ్గు వినబడింది. చెప్పులు బయట విడిచి మేస్త్రి లోపలికొచ్చాడు. "నేనేనండీ. విజిట్ యూరియా."

"నీకెవరు చెప్పారయ్యా? పరిశోధన మడుల్లో చెయ్యి పెట్టడమేంటి? ఉద్యోగం పోతుంది తెలుసా?"

"తెలుసండీ. ఎవరూ చెప్పలేదండీ. మీ మడులకూ ఎవరూ చెప్పకుండానే వేశాను."



"నా మడులకా?"

"నేను చేరిన కొత్తలోనండీ. మీకు పెళ్ళి కుదిరిన ఏడు. మడి దగ్గర నిలబడి ఫొటో తీయించుకుని అత్తగారింటికి పంపారు. ఆ ఏడు విజిట్లు కూడా ఎక్కువేనండీ, నాలుగుసార్లు వేశాను."

"రోడ్డు వైపు..." అన్నారు డైరెక్టరు గారు.

"రోడ్డు వైపేనండీ. అవతలికి ఎవరొస్తారు?"

డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి, గోడ మీది చట్రాన్ని రెండు చేతులతో సరిచేశారు. అదేమీ వంకరగా లేదు.

"ఆ నాలుగు మడులూ తీసెయ్" అన్నారు, వెనక్కి తిరక్కుండా. "కమిటీకి ఏం రాసుకుంటావో రాసుకో. నన్ను మాత్రం సంతకం అడక్కు."

మేస్త్రి మీద చర్య ఏమీ లేకపోయింది. చర్య తీసుకోవాలంటే కారణం రాయాలి. కారణం రాయాలంటే దుమ్ము దాకా పోవాలి.

ఆమె కమిటీకి ఉత్తరం రాసింది. మీరు చూసిన పచ్చదనం పూతది కాదు, మా మేస్త్రి, అంటే మా నాన్న, మీరు వస్తున్నారని వేసిన మామూలు యూరియాది, ఆ మడులను లెక్కలోంచి తీసేశాను అని, ఒక్క విశేషణం లేకుండా రాసింది. వాళ్ళమ్మకు చదివి వినిపిస్తే, "నాన్న అని కూడా రాయాలా?" అంది. "రాయకపోతే ఎవరో అనుకుంటారు కదమ్మా" అంది కూతురు. మేస్త్రి మాత్రం ఆ ఉత్తరంలో తన పేరు ఉన్న చోటు వేలితో చూపించమన్నాడు. చూసి, తల ఊపి, బయటికెళ్ళిపోయాడు.

గింజ పాలు పోసుకుని బరువెక్కుతున్న వేళ ఒక మధ్యాహ్నం ఈదురుగాలి కొట్టింది. కమిటీ ఫొటో తీసుకున్న నాలుగు మడులూ చాప పరిచినట్టు పడుకున్నాయి. అడ్డూ అదుపూ లేకుండా తిన్న పైరు పొడుగ్గా పెరిగి, కాండం మెత్తబడి, వెన్ను బరువు మోయలేకపోయింది. కాలవ అవతల పాలిపోయిన మడులు గాలికి ఊగి, మళ్ళీ లేచి నిలబడ్డాయి. కోతలయ్యాక తూస్తే, ముప్పావు మోతాదు పూత మడీ, పూర్తి మోతాదు మామూలు మడీ రెండు వరుసల్లోనూ దాదాపు సమానంగా తూగాయి. గుప్పెడు తేడా. ఆ గుప్పెడు కూడా పూత వైపే.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ రెండే వరుసలు. నాలుగు వరుసల్లో ఇలా వస్తే ఫలితం అంటారు. రెండింట్లో వస్తే ఇంకో ఏడు వేసి చూడమంటారు. వేసి చూడాలంటే పని పొడిగించాలి. ఉన్నది చెప్పిన ఉత్తరం ఒకటి ఇప్పటికే కమిటీ చేతిలో ఉంది. ఆమె డ్రమ్ము కడిగి, తుడిచి, సిమెంటుకు సిద్ధం చేసి పెట్టింది.

కమిటీ జవాబు వచ్చింది. "సందర్శనలో కళ్ళారా చూసిన అసాధారణమైన పచ్చదనం దృష్ట్యా" పని మరో రెండేళ్ళు పొడిగించారు. ఉత్తరం అడుగున చేత్తో రాసిన వాక్యం ఒకటుంది. "మీ వినయానికి కమిటీ సంతోషించింది."

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. మరో ఉత్తరం రాసి, తనది వినయం కాదని వివరించింది. దానికి జవాబు రాలేదు.

మరుసటి ఏడు మడులు వరుసకు ఐదయ్యాయి. ఐదో దానికి పూత యూరియాతో పాటు, పెద్దలు రావడానికి వారం ముందు మామూలు యూరియా రెండు గుప్పిళ్ళు. ఎలాగూ వేస్తారని తెలిశాక లెక్కలో పెట్టి వేయడమే మేలని ఆమె ఉద్దేశం. బోర్డు మీద "విజిట్ మోతాదు" అని రాయించింది. మేస్త్రి చేత మొదట రెండు గుప్పిళ్ళు త్రాసులో పోయించి, ఎంతో రాసుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో తన గుప్పెడు బరువెంతో ఆయనకు తెలియడం అదే మొదటిసారి.

"మిగతా మడుల జోలికి..." అంది ఆమె.

"పోనండీ మేడమ్."

"ఒట్టు?"

"గేటు లోపల ఒట్లేంటండీ. రాసిస్తాను."

నలభయ్యో రోజున కమిటీ వచ్చింది. పెద్దాయన కారు దిగి ఏ బోర్డూ చూడకుండా తిన్నగా ఐదో మడి ముందుకు నడిచాడు. "అదిగో! ఇదీ మీ పూత అంటే!"

"కాదండీ. ఇది మీరు వస్తున్నారని వేసింది" అంది పూత మేడమ్. "బోర్డు మీద కూడా అదే రాశాం."

పెద్దాయన హాయిగా నవ్వాడు. "ఈ అమ్మాయి వినయం మారలేదు" అని డైరెక్టరు గారితో అని, ఫొటోకు నిలబడ్డాడు. డైరెక్టరు గారు రోడ్డు దుమ్ము వైపు చూస్తూ నిలబడ్డారు.

కమిటీలో ఈసారి రైతుల తరఫున ముసలాయన ఒకాయన కొత్తగా చేరాడు. ఫొటోలో నిలబడమని ఎవరూ పిలవలేదు కాబట్టి ఆయన వెనకబడి, ముప్పావు మోతాదు పూత మడి దగ్గర ఆగిపోయాడు. వంగి ఒక మొక్క మొదలు పట్టుకుని పిలకలు లెక్కపెట్టాడు. ఏడు. పక్క మామూలు మడిలో లెక్కపెట్టాడు. ఏడే.

"పాలిపోయిందేంటి మేస్త్రీ ఇది?"

"ఆకలి రంగు కాదండీ. నెమ్మదిగా తింటోంది."

"ఎప్పుడు వేశారు?"

"విత్తేటప్పుడండీ. ఒక్కసారే."

"మళ్ళీ?"

మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. పొద్దున్నుంచీ అలాగే నిలబడ్డాడు. యూరియా చల్లడానికి అలవాటుపడ్డ కుడి చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకున్న చోట వేళ్ళు తెల్లబడటం ఆయన వెనక నిలబడ్డ కూతురికి మాత్రం కనబడుతోంది.

"మళ్ళీ లేదండీ" అన్నాడు.